యామ్‌ఫ్లై కోసం ఆగుంబె దారిలో

అక్టోబర్ రెండో వారంలో అక్కా నేనూ కర్ణాటక కోస్తా నుంచి పశ్చిమ కనుమల్లో ఉన్న ఆగుంబెకు ఎక్కి వచ్చాం. ఆ దారిలో ఎక్కువమంది జలపాతాల కోసం, సూర్యాస్తమయం కోసం వెళ్తారు. మేం వెళ్లింది యామ్‌ఫ్లై అనే చిన్న సీతాకోకచిలుక కోసం. రెక్కలు పూర్తిగా విప్పినా నాలుగు సెంటీమీటర్లు దాటదు. పైన నారింజ ఎరుపు రంగు, ముందు రెక్కల కొసన నల్లటి అంచు, వెనక రెక్కకు పొడవాటి తోక, ఆ తోక చివర తెలుపు. మన దేశంలోని తడి అడవుల నుంచి శ్రీలంక, ఆగ్నేయాసియా దాకా ఉంటుంది. దాని గొంగళిపురుగులు తినేది ముఖ్యంగా రెండు రకాల తీగల్ని. ఒకటి ముళ్లుండే స్మైలాక్స్ తీగ, రెండోది అడవి దుంప తీగ.

సీతాకోకచిలుకలు చూడాలనుకునేవాళ్లు మామూలుగా పూల దగ్గర నిలబడతారు. ఈసారి నేను పూలను పెద్దగా పట్టించుకోలేదు, తీగల కొసలే చూసుకుంటూ తిరిగాను. అక్కడ కనపడినవి, తిన్నవి, మాట్లాడిన మనుషులు మర్చిపోకముందే రాసిపెడుతున్నాను.

శనివారం, మూడబిదిరె

మంగళూరు నుంచి ప్రైవేటు బస్సు. ఆ జిల్లాల్లో ప్రైవేటు బస్సులదే రాజ్యం. ప్రతి బస్సుకీ ఒక పేరు, ముందు అద్దానికి పూలదండ, కండక్టర్ నోట్లో విజిల్. ఆగమంటే ఒక రకంగా, పోనిమ్మంటే ఇంకో రకంగా ఊదుతాడు. బోర్డుల మీద కన్నడ అక్షరాలు కాస్త నిదానంగా కూడబలుక్కుంటే మనకు చదవొచ్చేస్తాయి. అందుకే దిగాల్సిన ఊరి విషయంలో టెన్షన్ లేదు.

మూడబిదిరెను జైనకాశి అంటారు. ఊళ్లో 18 బసదులు, అంటే జైన గుళ్లు ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది 1430లో కట్టిన సావిర కంబద బసది, అంటే వెయ్యి స్తంభాల గుడి. పైకప్పు అంచులు వాలుగా, అంతస్తుల మీద అంతస్తులుగా ఉంటాయి. అంత వాన పడే చోట రాతిగుడికి అలాంటి కప్పు ఎందుకు పెట్టారో చూడగానే అర్థమవుతుంది. సాయంత్రం అక్కడి స్తంభాలు చూస్తూ అక్క గంట కూర్చుంది. నేను ప్రహరీ బయట తుప్పల్లో ఒక స్మైలాక్స్ తీగ చూసి ఆగాను. దీన్ని గుర్తుపట్టడం తేలిక. ఆకు గుండ్రంగా, మందంగా, నున్నగా ఉంటుంది. ఆకు మొదట్లో పుట్టిన ఈనెలు మూడో అయిదో విల్లులా వంగి, కొస దాకా పక్కపక్కనే వెళ్తాయి. తొడిమ దగ్గర రెండు నులితీగలు బయలుదేరి దొరికిన కొమ్మనల్లా చుట్టేస్తాయి. కాండం నిండా కొక్కేల్లాంటి ముళ్లు. ఆ తీగ మీద ఆకులన్నీ ముదురువే. గొంగళిపురుగు జాడ లేదు.

"ఏమే, ఈ ముళ్లకంప కోసమా ఇంత దూరం తీసుకొచ్చావు?" అంది అక్క వెనక నుంచి.

"ఆకులో కాదక్కా, చిగురులో ఉంటుంది. చిగురేసిన తీగ దొరకాలి" అన్నాను.

రాత్రి బస్టాండ్ దగ్గర చిన్న హోటల్లో నీర్ దోసె తిన్నాం. నానబెట్టిన బియ్యాన్ని రుబ్బి, నీళ్లలా పల్చగా చేసి పోసే దోసె. పులియబెట్టరు. నాలుగు మడతలు వేసి, కొబ్బరి, బెల్లం కలిపిన తురుముతో ఇచ్చారు. ప్లేటు నలభై రూపాయలు. వడ్డించిన పెద్దాయన మేం తెలుగువాళ్లమని తెలిశాక మళ్లీ మళ్లీ వచ్చి చట్నీ వేశాడు. అక్కడి భాష తుళులో ఏదో అడిగాడు. పక్క బల్ల దగ్గర కూర్చున్న అబ్బాయి కన్నడంలో చెబితే, భోజనం కుదిరిందా అని అడిగాడని అర్థమైంది.

ఆదివారం పొద్దున, బెళువాయి

మూడబిదిరె నుంచి కార్కళ వెళ్లే రోడ్డు మీదే బెళువాయి. అక్కడ సమ్మిలన్ శెట్టి అనే ఆయన ఏడెకరాలకు పైగా స్థలంలో సీతాకోకచిలుకల తోట పెంచారు. వల కట్టి లోపల బంధించే రకం కాదు. గొంగళిపురుగులకు కావలసిన మొక్కల్ని నాటి, ఉన్నవాటిని కాపాడి, చుట్టుపక్కల అడవిలో తిరిగేవి వాటంతట అవే వచ్చేలా చేశారు. వానాకాలంలోనూ ఆ తర్వాత కొన్ని నెలలూ ఆదివారాలు జనాన్ని రానిస్తారు. అందుకే మా ప్రయాణాన్ని ఆదివారానికి కుదుర్చుకున్నాం.

పిల్లలతో వచ్చిన కుటుంబాలన్నీ సదరన్ బర్డ్‌వింగ్ చుట్టూ మూగాయి. కర్ణాటక రాష్ట్ర సీతాకోకచిలుక అది. అరచేయంత ఉండి, పసుపు నలుపుల్లో నెమ్మదిగా తేలుతూ వెళ్తుంటే ఎవరైనా చూస్తారు. దాని పిల్లలు తినే ఈశ్వరి తీగను కూడా చూపించారు. చిన్నవాటి గురించి అడిగిన పెద్దవాళ్లు మాత్రం తక్కువ. ఒక అయిదారేళ్ల పాప కేపుళ పొద ముందు కూర్చుని వేలుపెట్టి చూపిస్తోంది. కేపుళ అంటే ఎర్రటి గుత్తులు పూసే మన నూరువరహాలే. ఆ పాప చూపించింది మంకీ పజిల్‌ని. గోధుమ, తెలుపు పట్టీలు చిక్కుదారుల్లా అల్లుకున్న చిన్న సీతాకోకచిలుక. ఆకు మీద వాలగానే గిరుక్కున వెనక్కి తిరుగుతుంది, పక్కకి అడుగులు వేస్తుంది. తోకలున్న వెనక రెక్క కొసను తలలా ఆడిస్తుంది. పిట్ట పొడిస్తే రెక్క ముక్క పోతుంది గానీ ప్రాణం దక్కుతుంది. దాని గొంగళిపురుగు కేపుళతో ఆగదు. చెట్ల కొమ్మల మీద బతికే బదనికనూ, నేరేడు కుటుంబపు చెట్లనూ తింటుంది. ఆ కుటుంబానికీ బదనికకూ చుట్టరికమేమీ లేదు. అన్నిరకాల మొక్కలు తినే పురుగు ఒక మొక్క పోయినా ఇంకోదాని మీద బతుకుతుంది. యామ్‌ఫ్లైకి అంత వీలు లేదు.

తోటలో సాయం చేస్తున్న కుర్రాణ్ణి యామ్‌ఫ్లై గురించి అడిగాను. ముఖం వెలిగిపోయింది. తోట చివర, వెదురు పొదల కింద నీడలో ఉన్న స్మైలాక్స్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఒక చిగురు దొరికింది గానీ దాని కొస కొరికేసి ఉంది. వేలితో తాకకుండా, చూపుడువేలు దూరంగా పెట్టి చూపించాడు. చిగురు కాడ మీద సన్నటి గాట్లు, లేత ఆకుల అంచుల్లో అర్ధచంద్రాకారపు కోతలు. తిన్నవాళ్లు తిని వెళ్లిపోయారన్నమాట. "ఇక్కడ వారం క్రితం ఉంది. ఇప్పుడు గూడు కట్టుకుని ఉంటుంది, లేదా రెక్కలొచ్చి వెళ్లిపోయి ఉంటుంది. ఘాట్ ఎక్కాక రోడ్డు పక్కన చూడండి మారాయ్రే, అక్కడ వానలింకా తగ్గలేదు, చిగుళ్లు ఎక్కువ" అన్నాడు. వాళ్ల కన్నడంలో మాట మాటకీ వచ్చే ఆ మారాయ్రే మాకు భలే నచ్చింది. చేతిలో డబ్బు పెట్టబోతే తీసుకోలేదు. గేటు దగ్గర పెట్టిన డబ్బాలో వేయమన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం, కార్కళ మీదుగా పైకి

కార్కళలో 42 అడుగుల గోమటేశ్వరుణ్ణి చూశాం. 1432లో నిలబెట్టిన విగ్రహం. మెట్లెక్కి వెళ్లాక బండ మీద ఎండ మాడ్చేసింది. కిందికొచ్చి మంగళూరు బన్స్ తిన్నాం. అరటిపండు కలిపిన పిండితో చేసే పొంగిన పూరీ అనుకోవచ్చు. తీపిగా ఉంటుంది, పక్కన కారం చట్నీ. రెండు ముప్పై రూపాయలు.

హెబ్రి దాటి సోమేశ్వర దగ్గర్నుంచి ఘాట్ మొదలవుతుంది. 14 హెయిర్‌పిన్ మలుపులు. ఇరుకు దారి కాబట్టి మినీబస్సులు నడుపుతారు. సీట్లు నిండాక జనం నిలబడ్డారు. మలుపు వచ్చినప్పుడల్లా అందరూ ఒకే వైపు ఒరుగుతున్నా ఎవరూ విసుక్కోలేదు. అక్క ఒళ్లో ఒకావిడ తన కూరగాయల సంచి పెట్టేసి, దిగేటప్పుడు అందులోంచి రెండు దోసకాయలు తీసి ఇచ్చి వెళ్లింది.

ఆగుంబె చేరేసరికి మబ్బు కిందికి దిగింది. ఏడాదికి ఏడు వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడే ఊరు. మా కృష్ణా జిల్లాలో వెయ్యి పడితే మంచి ఏడాది. బస్సు దిగి పది నిమిషాలు నడిస్తే మేం దిగిన ఇల్లు. మనిషికి రోజుకి పన్నెండు వందలు, మూడు పూటలా భోజనం అందులోనే. గడపలోకి అడుగు పెట్టగానే ఇంటావిడ ఒక పళ్లెంలో బెల్లం ముక్క, చెంబుతో నీళ్లు ఇచ్చారు. అక్కడ ఇంటికొచ్చిన వాళ్లకి కాఫీ కంటే ముందు బెల్లం, నీళ్లు పెట్టడం మర్యాద. బెల్లం కొరికి నీళ్లు తాగితే ప్రయాణపు అలసట నిజంగానే తగ్గింది.

సోమవారం, ఆగుంబె

తెల్లారి నుంచి వాన. ఎనిమిదింటి దాకా వంటింట్లోనే కూర్చున్నాం. ఆవిడ పత్రొడె చేస్తున్నారు. చేమ ఆకుల మీద బియ్యం, చింతపండు, బెల్లం, ఎండుమిరప కలిపి రుబ్బిన ముద్ద పూసి, ఆకు మీద ఆకు పేర్చి, చాపలా చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. చల్లారాక చక్రాలుగా కోసి కొబ్బరినూనెలో వేయిస్తారు. వానలు మంచి జోరుగా ఉన్నప్పుడు చెట్ల కొమ్మల మీద మొలిచే మరకెసు ఆకుతో చేస్తే ఇంకా బాగుంటుందట. చింతపండు ఎందుకమ్మా అంటే, పులుపు లేకపోతే గొంతు దురద పెడుతుందన్నారు. ఆకును ఉన్నదున్నట్టు తినలేం, దాని దురద విరిచే ఉపాయం తెలియాలి. గొంగళిపురుగులు కూడా అంతే. ప్రతి మొక్కా తనను తినేవాళ్ల మీద ఏదో ఒక విషమో చేదో దాచుకుంటుంది. ఒక్కో పురుగు జాతి ఒకటి రెండు మొక్కల విషాన్ని తట్టుకోవడం నేర్చుకుని, వాటి మీదే బతుకుతుంది. తల్లి సీతాకోకచిలుక ముందరి కాళ్లతో ఆకును తట్టి, రుచి చూసి, ఇదేనని తేలాకే గుడ్డు పెడుతుంది.

వాన తగ్గాక బయల్దేరాం. ఇంటాయన మా కాళ్లకు సున్నం, పొగాకు నానబెట్టిన నీళ్లు పూయించారు. ఇంబళాలకు, అంటే జలగలకు అదే మందు. అయినా అక్క మడమకు రెండు పట్టాయి. అక్క అరవలేదు, ఉప్పు చల్లి రాల్చేసింది.

రిజర్వు అడవి లోపలికి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. మాకు లోపలికి వెళ్లే అవసరం లేదు. యామ్‌ఫ్లై ఉండేది అడవి అంచుల్లో, కాలిబాటల పక్కన, నీడా ఎండా కలిసే చోట. ఊరు దాటాక దారి రెండుగా చీలింది. ఎడమవైపు జలపాతం అనుకుని వెళ్తే అరకిలోమీటరు తర్వాత వక్కతోట కంచె దగ్గర ఆగిపోయింది. తోటకు పైన వాలులో కొమ్మలు నరికిన చెట్లున్న చిన్న అడవి. అది సొప్పిన బెట్ట. మలెనాడులో, అంటే ఈ కొండ ప్రాంతంలో, వక్కతోటలున్న రైతులకు ఆకు ఎరువు కోసం వాడుకోమని వదిలిన కొండవాలు. కొమ్మలు నరికి ఆకు తెచ్చి తోటలో పరుస్తారు. మొండెం మిగిలిన కొమ్మలు మళ్లీ చిగురిస్తాయి. నరికినచోటల్లా స్మైలాక్స్ కూడా మళ్లీ లేచింది. నేల కింద దాని దుంప గట్టిది, పైన ఎన్నిసార్లు కోసినా కొత్త కాడ పంపిస్తుంది. ఆ దారి తప్పి రావడమే మంచిదైంది. రాగిరంగు చిగుళ్లు, లేతాకుపచ్చ చిగుళ్లు నిటారుగా నిలబడి ఉన్నాయి.

మొదట చీమలు కనపడ్డాయి. ఒక చిగురు మీద మాత్రమే నల్లటి చిన్న చీమలు గుమిగూడి, అక్కడక్కడే తిరుగుతున్నాయి. మిగతా చిగుళ్ల మీద ఒక్కటి కూడా లేదు. మోకాళ్ల మీద కూర్చుని దగ్గరగా చూశాను. చిగురు కాడ మీద ఒక చోట ఉబ్బు ఉన్నట్టుంది. చిగురెంత పచ్చగా ఉందో అదీ అంతే పచ్చ. అది కదిలింది. రెండు సెంటీమీటర్లు కూడా లేని గొంగళిపురుగు. వీపు ఎత్తుగా, అంచులు కాడకు అతుక్కుని, తల శరీరం కిందికి లాక్కుని ఉంది. ఒక చీమ దాని వెనక భాగం మీదికి ఎక్కి మీసాలతో టకటకా తట్టింది. కాసేపటికి వీపు మీద మెరిసే చిన్న చుక్క ఉబికింది. చీమ దాన్ని తాగేసి పక్కకి జరిగింది. వెంటనే ఇంకో చీమ వచ్చింది. యామ్‌ఫ్లై చేరే లైకేనిడే కుటుంబంలో చాలా గొంగళిపురుగులకు వీపు మీద తీపి ద్రవం కార్చే గ్రంథి ఉంటుంది. చీమలు ఆ తీపి కోసం వస్తాయి. అవి చుట్టూ ఉన్నంతసేపూ గుడ్లు పెట్టే పరాన్నజీవి కందిరీగలు, సాలీళ్లు దగ్గరికి రావడం కష్టం.

గొంగళిపురుగు తల బయటికి చాచి కాడను గీరుతూ తినడం మొదలుపెట్టింది. పైపొర నుంచి మొదలుపెట్టి సన్నటి కాలువలా తవ్వుతూ పోయింది. అక్క కూడా పక్కన కూర్చుంది. చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత అక్క, "చిగురు ముదిరేలోపు ఇది పెద్దదవ్వాలి కదే?" అంది.

అసలు సంగతి అదే. ముదురాకు దీనికి పనికిరాదు. చిగురు లేతగా ఉండే కొద్ది రోజుల్లోనే తినడం పూర్తవ్వాలి. గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా నెల కూడా పట్టదు. ఒక కొండ నిండా స్మైలాక్స్ ఉన్నా, చిగురు లేకపోతే యామ్‌ఫ్లై లేనట్టే. రెక్కల మీద నీలి పట్టీ ఉండే బ్లూ అడ్మిరల్ అనే సీతాకోకచిలుక గొంగళిపురుగులు కూడా అదే తీగ మీద పెరుగుతాయి. వాటికి ఒంటి నిండా ముళ్లు, ఆకులే వాటి తిండి. ఒకే తీగ, వేరువేరు భాగాలు.

రాత్రి కరెంటు పోయింది. దీపం వెలుగులో కుచ్చలక్కి అన్నం, సరస్వతి ఆకు తంబుళి పెట్టారు. ఆకును కాస్త మిరియాలు, కొబ్బరితో రుబ్బి మజ్జిగలో కలిపితే తంబుళి. ఉప్పుడు బియ్యం లావుగా, ఎర్రగా ఉండి నమలడానికి పని పెడుతుంది. అక్కకు నచ్చలేదు, నాకు నచ్చింది.

భోజనాలయ్యాక ఇంటాయనకు కార్వార్ సంగతి చెప్పాను. ఇదే కనుమల్లో ఇంకాస్త ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఉన్న కార్వార్‌లో 1890ల్లో ముగ్గురు ఉద్యోగులు గొంగళిపురుగుల్ని పెంచారు. కలెక్టర్ జేమ్స్ డేవిడ్‌సన్, అటవీశాఖలో టి.ఆర్. బెల్, కస్టమ్స్‌లో ఇ.హెచ్. ఐట్‌కెన్. పురుగును పట్టుకొచ్చి, ఏ ఆకు తింటుందో చూసి, అదే ఆకు పెట్టి, రెక్కలు వచ్చేదాకా కాపాడి, రాసుకున్నారు. 1896 నుంచి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వాటిని అచ్చువేశారు. ఏ పురుగుకు ఏ మొక్క అన్న విషయంలో దక్షిణ భారతంలో ఇవాళ్టికీ వాళ్లు రాసిందే పునాది. బెల్ ఉద్యోగం అయిపోయినా కార్వార్ వదల్లేదు. 1948లో అక్కడే చనిపోయారు. ఆ ఆకులు తెచ్చి ఇచ్చిన స్థానికుల పేర్లు మాత్రం పుస్తకాలకెక్కలేదని ఇంటాయన అన్నారు. నిజమే. ఏ తీగ ఎక్కడ ఉందో అడవిలో తిరిగేవాళ్లు చూపించకపోతే ఆ జాబితా తయారయ్యేది కాదు.

మంగళవారం, వక్కతోట అంచున

ఇంటాయన మమ్మల్ని తన తోటకు రమ్మన్నారు. ఎండ వచ్చింది. తోటకు, అడవికి మధ్య చిన్న కాలువ, దాని గట్టు మీద అడవి గెణసు తీగ. ఒక కాడకు అయిదేసి రెమ్మల ఆకు, తీగ మొదట్లో ముళ్లు, ఆకు మొదట్లో బఠాణీలంత బుడిపెలు. ఆ బుడిపెలు రాలినచోట కొత్త తీగ మొలుస్తుంది. యామ్‌ఫ్లై తినే రెండో రకం తీగ ఇది. ఒక ఆకు అంచును ఎవరో కత్తిరించి మడిచి దారాలతో కుట్టినట్టుంది. నెమ్మదిగా వెలుగుకు ఎదురుగా పట్టి చూస్తే లోపల నీడలా పురుగు. ఇది యామ్‌ఫ్లై కాదు, వాటర్ స్నో ఫ్లాట్ అనే ఇంకో రకం. అదీ అడవి దుంప ఆకుల మీదే బతుకుతుంది. మడత విప్పకుండా వదిలేశాం.

పది దాటాక కాలువ మీద ఎండ పడింది. నారింజరంగు తునక ఒకటి నీడలోంచి ఎండలోకి వచ్చి, మా తలల ఎత్తులో చిన్న చుట్టు చుట్టి, స్మైలాక్స్ ఆకు అంచున వాలింది. రెక్కలు మూసుకోగానే రంగు మారిపోయింది. లోపలి ఎరుపు కనిపించదు, బయట పండుటాకు పసుపు. దాని మీద పల్చటి గీతలు. తోక చివరి తెలుపు మాత్రం గాలికి ఊగుతోంది. ఇంకో యామ్‌ఫ్లై దగ్గరికొస్తే లేచి తరిమి, మళ్లీ అదే ఆకు మీదికొచ్చింది. ఎక్కువ దూరం ఎగరదు. ఒక చోటు పట్టుకుంటే అక్కడే తిరుగుతుంది. అందుకే ఆ చోటు పోతే పక్క కొండకు వెళ్లి బతకడం దీనికి సులువు కాదు.

కాసేపటికి మరొకటి వచ్చి చిగుళ్లను ఒక్కొక్కటే పరీక్షించింది. వాలడం, తట్టడం, లేవడం. చీమలున్న చిగురు దగ్గర ఎక్కువసేపు ఆగింది. పొట్ట వంచి కాడకు ఆనించింది. అది లేచిపోయాక చూస్తే గసగసాలంత తెల్లటి గుడ్డు. ఇంటాయన ఏళ్లుగా ఈ గట్టు మీద నడుస్తున్నారు. కింద కూర్చుని ఆ గుడ్డును తదేకంగా చూశారు.

తర్వాత ఆయన చెప్పిన మాటలు నన్ను బాగా పట్టుకున్నాయి. గట్టు మీద కలుపు కోయడానికి మనిషి దొరకడం కష్టమైందట. కూలి పెరిగింది, పిల్లలు బెంగళూరు వెళ్లారు. చుట్టుపక్కల కొందరు కలుపుమందు కొడుతున్నారు. ఆయన కొట్టరు. గట్టు మీద గడ్డి ఆవులకు కావాలి. కొడవలితో కోస్తే తీగ పదిహేను రోజుల్లో మళ్లీ చిగురుస్తుంది, మందు కొడితే వేరుతో సహా పోతుంది. పక్క తోట గట్టు చూపించారు. ఎండిపోయి, గోధుమరంగుకు మారి, చివరిదాకా ఒక్క చిగురు లేదు. కాలువ ఒక్కటే, నీళ్లూ నీడా ఒక్కటే. ఈ గట్టున యామ్‌ఫ్లైలు, ఆ గట్టున ఏమీ లేవు.

మనం అడవిని కాపాడాలంటే మనిషి చెయ్యి తగలకూడదనుకుంటాం. ఇక్కడ చేతిలో కొడవలి ఉన్న మనిషి వల్ల చిగురు పుడుతోంది, ఆ చిగురు మీద సీతాకోకచిలుక పెరుగుతోంది. పశ్చిమ కనుమల్లో 330కి పైగా సీతాకోకచిలుక జాతులున్నాయి. ఆగుంబె, సోమేశ్వర అడవులు 2012 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్నాయి. ఆ గుర్తింపు అడవికి వర్తిస్తుంది, ఈ కాలువ గట్టుకు కాదు. గట్టును చూసుకోవాల్సింది తోట రైతే. కూలి దొరకని రైతుకు మందు వద్దని చెప్పేముందు, గట్టు కోయించడానికి పంచాయతీ నుంచో ఉపాధి పనుల నుంచో సాయం అందేలా చూడాలి. నాకైతే సీతాకోకచిలుకల పార్కుకు పెట్టే ఖర్చులో కొంత ఇటు రావాలనిపించింది.

మధ్యాహ్నం తూణగెణసు పులుసు. మన పెండలమే. బెరడు తీస్తే లోపల వంకాయ రంగు. చింతపండు, కొబ్బరి, ఆవాల పొడి వేసి చేశారు. పెండలం అంటే ముఖం తిప్పుకునే అక్క రెండోసారి వేయించుకుంది.

బుధవారం, తీర్థహళ్లి వైపు

పొద్దున బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడితే, రోడ్డు పనివాళ్లు కత్తులతో తుప్పలు కోసుకుంటూ వస్తున్నారు. మొదట గుండె గుభేలుమంది. వాళ్లు కోస్తున్నది బండ్లకు అడ్డొచ్చే అడుగు మేర మాత్రమే, అదీ చేత్తో. ఒకతను ఆగి, ఏం చూస్తున్నారని అడిగాడు. నా ఫోన్‌లో గొంగళిపురుగు వీడియో చూపించాను. చీమలు తట్టడం దగ్గర మళ్లీ చూపించమన్నాడు, మిగతావాళ్లని కూడా పిలిచాడు. వాళ్లలో పెద్దావిడ, ఈ తీగ కాయలు ఎర్రగా ఉన్నప్పుడు పిట్టలు తింటాయని, దీని వేరును వాళ్లమ్మ మందులో వాడేదని చెప్పింది. మాకు ఎదురుగా ఉన్న పొద మీద రెండు మూడు చిగుళ్లు ఉన్నాయి. వాటిని ఏమీ చెప్పకుండానే వదిలేసి ముందుకు వెళ్లారు.

తీర్థహళ్లిలో తుంగ ఒడ్డున కాసేపు కూర్చుని, అవలక్కి, అంటే అటుకులు తిని, కాఫీ తాగి శివమొగ్గ బస్సెక్కాం. రైలు చార్జీలు పోను ఇద్దరికీ కలిపి పన్నెండు వేల లోపే అయింది. అందులో సగానికి పైగా ఆగుంబె ఇంటి బస, భోజనాలకే.

వెళ్లాలనుకునేవాళ్లు సెప్టెంబర్ చివరి నుంచి నవంబర్ దాకా పెట్టుకోండి. జోరు వానలో యామ్‌ఫ్లై బయటికి రాదు, వేసవిలో చిగుళ్లు తక్కువ. ఉదయం తొమ్మిదిన్నర నుంచి పన్నెండు లోపు ఎండ పడే గట్లు చూడండి. ముందు స్మైలాక్స్ తీగను గుర్తుపట్టండి, తర్వాత రాగిరంగు చిగురు, ఆ తర్వాత చీమలు. ఫోటో కోసం చిగురు తుంచి చేతిలోకి తీసుకోవద్దు, తుంచిన చిగురు గంటలో వాడిపోతుంది. దాని మీదున్న పురుగుకు వేరే తిండి లేదు. తోటల్లోకి వెళ్లేముందు ఇంటివాళ్లని అడగండి. కాదనరు, పైగా బెల్లం, నీళ్లు ఇస్తారు.